శుభవచనము ఎవరికి?

పాఠము: లూకా 2:8–20, రోమా 16:3–16



క్రిస్మసు సమీపించినది. గుడికి సున్నము వేయుచున్నాము. కాగితపు నక్షత్రములు కట్టుచున్నాము. యౌవనస్థులు రాత్రివేళ కంజిరలతో, తాళములతో ఇంటింటికి వెళ్లి పాడుచున్నారు. ఈ సంతోషములో ఒక సంగతి ఆలోచింతము.

1843లో లండను నగరమందు హెన్రీ కోల్ అనునాయన క్రిస్మసు శుభాకాంక్షల కార్డును అచ్చువేయించెను. దానిలో పంపువాని పేరునకును, పొందువాని పేరునకును చోటు ఖాళీగా విడిచిరి. ఆ ఖాళీలో మనమెవరి పేరు వ్రాయుదుము?

మొదటి క్రిస్మసు శుభవార్త రాత్రి మందను కాచుకొనుచున్న కాపరులకు వచ్చెను. పౌలు రోమా సంఘమునకు వ్రాయుచు, ఇరువదిమందికి పైగా పేరుపేరున వందనములు చెప్పెను. రూఫు తల్లిని సయితము మరువలేదు.

మేమైతే ఒక యేట పొలము గట్టు తగవును మనస్సులో ఉంచుకొని, ఒక యింటి యెదుట పాడక దాటిపోతిమి. ఆ యింటివారు దీపము పెట్టుకొని వాకిట కనిపెట్టుచుండిరి. ఆ దీపము నేటికిని మమ్మును గద్దించుచున్నది. మనవారికే వందనము చేయుటలో విశేషమేమియు లేదని ప్రభువు బోధించెను (మత్తయి 5:47).

కాబట్టి ఈ యేడు ఆ వాకిటనే మొదటి పాట పాడుదము.

ఆలోచించుడి:
1. మన సంఘములో ఎవరి యిల్లు దాటిపోవుచున్నాము?
2. పండుగకు ముందే వారియొద్దకు ఎవరు వెళ్లవలెను?