హాస్యకథా రచన: పాత్ర, ఇతివృత్తము

నాట్యశాస్త్రమున భరతముని శృంగారమునకు వెంటనే హాస్యమును పేర్కొని, పళ్లు కనబడని చిరునవ్వు మొదలు కన్నీరు తెప్పించు నవ్వు వరకు దానిని ఆరు విధములుగా విభజించి చూపెను. ఇంత గౌరవము పొందిన రసమును మన విద్యార్థులు మిక్కిలి సులభమైనదిగా భావింతురు. నాలుగు ఛలోక్తులను ఒక దారమునకు గ్రుచ్చినచో హాస్యకథ అగునని పలువురి నమ్మకము. ఆ నమ్మకము ఎంతవరకు సరియైనదో ఈ వ్యాసమున పరిశీలింతము.

తెలంగాణ పల్లెలలో పిట్టలదొర వేషమును పెద్దలు ఎరుగుదురు. ఖాకీ దుస్తులు, నెత్తిన టోపీ, భుజమున కట్టె తుపాకి ధరించి, తనకు లేని ఆస్తిపాస్తులను గూర్చి అతడు కోతలు కోయుచుండ ఊరంతయు నవ్వును. అది గొప్ప కళయే. కాని అతని కోతలలో రెండవదానిని ముందు చెప్పినను, మొదటిదానిని తరువాత చెప్పినను నవ్వు తగ్గదు. కథ అట్టిది కాదు. సంఘటనలను తారుమారు చేసినను చెడనిచో, దానికి ఇతివృత్తము లేదని గ్రహింపవలెను. ప్రతి రచయితయు తన కథకు ఈ పరీక్ష పెట్టుకొనవచ్చును.

ముందుగా పాత్రను గూర్చి చెప్పుకొందము. హాస్యపాత్రకు తాను నవ్వు పుట్టించుచున్నట్లు తెలియరాదు. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిస్టర్ పార్వతీశము’ను చూడుడు. మొగలితుర్రు వాడైన పార్వతీశము సీమకు పోయి బారిస్టరు కావలెనని బయలుదేరును. దారిలో దొరల టోపీ అనుకొని దొరసానుల టోపీ కొనును. అతడు మూర్ఖుడు కాడు. ఎరుగని లోకమున ఎరిగినవానివలె నడువబూనిన పల్లెటూరి యువకుడు. పల్లె విడిచి మొదటిసారి పట్టణపు కళాశాలకు వచ్చిన మన విద్యార్థికి అతడు దగ్గరి చుట్టమే. అందుచేతనే అతనిని చూచి నవ్వుచునే మనము అతని క్షేమమును కోరుదుము.

ఉర్దూ సాహిత్యమున రతన్‌నాథ్ సర్షార్ ‘ఫసానా-ఏ-ఆజాద్’లోని ఖోజీ కూడ ఇట్టివాడే. పొట్టివాడు, బలహీనుడు, నల్లమందు మత్తులో జోగువాడు. అయినను తాను మహావీరుడనని అతని దృఢవిశ్వాసము. మాటిమాటికి కత్తి తెమ్మని గర్జించును. ఆ గర్జనలో అతనికి లేశమైనను పరిహాసము లేదు. అతడు ఎంత గంభీరముగా నుండునో మనకు అంత నవ్వు వచ్చును. అయితే పత్రికలో ధారావాహికగా సాగిన ఆ బృహద్గ్రంథమునకు కథాబంధము సడలినదని విమర్శకులు చెప్పుదురు. పాత్ర సజీవమైనంత మాత్రమున ఇతివృత్తము దానంతట అది కుదరదనుటకు ఇది నిదర్శనము.

ఇతివృత్త నిర్మాణమునకు గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ మంచి పాఠము. 1897లో అచ్చయి, 1909లో పెంచి తిరుగ వ్రాయబడిన ఈ నాటకమున లుబ్ధావధాని పిసినారి. ఆ గుణమే అతనిని తక్కువ శుల్కమునకు దొరకు పిల్లవైపు లాగును. కరటక శాస్త్రి తన శిష్యునికి ఆడవేషము వేసి, ఆ ‘పిల్ల’నే అతనికి కట్టబెట్టును. తరువాత పెండ్లికూతురు మాయమగును. అవధాని తలపై హత్యానేరము పడును. ఒక మెట్టు నుండి మరియొక మెట్టునకు అతనిని దింపినది విధి కాదు, అతని లోభమే. హాస్యకథలో చిక్కు పాత్ర స్వభావము నుండి పుట్టవలెను. ప్రతి ప్రయత్నము ఆ చిక్కును మరింత బిగింపవలెను.

ఈ సూత్రములను మన ప్రాంతపు కల్పిత కథ కొకదానికి అన్వయింతము. తనకు తెలియని దారి లేదనుకొను ఒక మేనమామ కరీంనగర్ నుండి కోరుట్లకు బరాత్‌ను తీసికొనిపోవుచున్నాడు. జగిత్యాల వద్ద డ్రైవరు అడుగగా ఆయన బస్సును ధర్మపురి వైపు త్రిప్పించెను. ఎవరో సందేహింపగా, దారి వంకర అయినను ఇది దగ్గరి దారియనెను. గోదావరి కనబడెను. నిఖాకు ముందు పెళ్లికొడుకు పారునీటిని చూచుట శుభమనెను. అక్కడ ఖాజీ ఎదురుచూచుచున్నాడు, బిర్యానీ చల్లారుచున్నది. కాళ్లు సాగదీయుదునని ఒంటరిగా దిగి, ఒక బాలుని పిలిచి, “కోరుట్లకు తొవ్వ ఎటో నీకు తెలుసా లేదా అని చూస్తున్న, చెప్పు బిడ్డా” అనెను. ఎట్లో కోరుట్ల చేరిరి. నిఖా ముగిసిన పిదప పెళ్లికూతురి తండ్రి ఆయనను కౌగిలించుకొని, తిరుగు ప్రయాణమునకు కూడ తమరే దారి చూపవలెననెను. అంతవరకు సెహ్రా చాటున తలవంచుకొని కూర్చున్న పెళ్లికొడుకు తటాలున తల ఎత్తి, “వద్దు” అనెను.

ఇందులో నవ్వు ‘తొవ్వ’ అను మాటలో లేదు. అడుగుటకు అడ్డువచ్చిన అభిమానములో ఉన్నది. ఈ భేదమును మన విద్యార్థులు తప్పక గమనింపవలెను. తెలుగు సినిమాలలో చాలకాలము తెలంగాణ మాటను హాస్యగానికో దుష్టునికో అప్పగించిరి. ఉర్దూ మాతృభాషగా గలవాడు తెలుగు పలుకుటయే నవ్వులాటగా చూపిరి. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో తెలుగు, ఉర్దూ, గోండీ, కొలామీ, మరాఠీ భాషలు ఇరుగుపొరుగున వినబడును. ఇక్కడి రచయిత ఒకరి యాసను ఎక్కిరించి నవ్వు సంపాదించినచో ఆ నవ్వు తరగతి గదిలోనే ఒక విద్యార్థిని మూగవానిని చేయును. గర్వము, లోభము, భయము అన్ని భాషలవారికి సమానమే. వానిని చూపినచో అందరును కలిసి నవ్వుదురు. యాసను వాడవద్దని మా అభిప్రాయము కాదు. అది పాత్రకు ప్రాణము కావలెనే గాని నవ్వునకు వస్తువు కారాదు.

కావున హాస్యకథ వ్రాయబోవు విద్యార్థి కలము పట్టుటకు ముందు మూడు వాక్యములు వ్రాసికొనవలెను: నా పాత్ర ఏమి కోరుచున్నది? దాని ఏ గుణము ఆ కోరికకు అడ్డు తగులుచున్నది? ఆ గుణము కారణముగానే కథ ఎట్లు మలుపు తిరుగును? పిదప కథను ఆ పాత్రవంటి మనిషి యెదుట చదివి వినిపింపవలెను. అతడు మనతో కలిసి నవ్వినచో కథ కుదిరినట్లే. తల వంచుకొన్నచో మరల వ్రాయవలెను.