మెకానిక్ చదువుకు హైదరాబాద్ దాకా ఎందుకు?

పదో తరగతి ఫలితాలు రాగానే ఆలమూరు, జొన్నాడ, మడికి, పెనికేరు ఊళ్లలో తల్లిదండ్రుల హడావుడి మొదలవుతుంది. కొడుక్కి బండ్ల మీద మనసున్నా "మెకానిక్ ఏంట్రా, నలుగురూ ఏమనుకుంటారు?" అని కసిరి ఎంపీసీ హాస్టల్లో చేర్చేస్తారు కొందరు. ఇంకొందరు వాడి మాట వింటారు కానీ, అప్పు చేసి మరీ హైదరాబాద్‌లో "ఆరు నెలల్లో ఎలక్ట్రిక్ వాహనాల నిపుణుడు" అనే కోర్సుకు పంపిస్తారు. నా దృష్టిలో ఇద్దరిదీ పొరపాటే. ఈ పని పునాది నుంచి నేర్చుకోవడానికి కోనసీమ కుర్రాడు దూరం పోనక్కర్లేదు.

జొన్నాడ దగ్గర రహదారి మీద నిలబడి చూడండి. రావులపాలెం అరటి మార్కెట్‌కు వచ్చే వ్యాన్లు, కడియపులంక నర్సరీల మొక్కలు మోసే బండ్లు, మండపేట రైసు మిల్లుల లారీలు, స్కూలు బస్సులు, ఆటోలు. కోతల కాలంలో వీటికి ట్రాక్టర్లు, కోత మిషన్లు తోడవుతాయి. వీటిలో ఏది ఆగినా యజమానికి ఆ రోజు సంపాదన పోయినట్టే. అలాంటి బండిని సాయంత్రానికి కదిలించగలిగినవాడికి ఇక్కడ పనికి కరువుండదు.

చదువు అబ్బనివాడు చేసే పని అనే మాట ఇకనైనా మానండి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో బీఎస్-6 ప్రమాణాలు అమలవుతున్నాయి. కొత్త బైకుల్లో కార్బురేటర్ స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. స్కానర్ పెడితే ఆక్సిజన్ సెన్సర్ లోపమని చూపిస్తుంది. అంతమాత్రాన సెన్సర్ మార్చేస్తే కస్టమర్ డబ్బు వృథా కావచ్చు. వైరు తెగిందా, సైలెన్సర్ పైపు ఎక్కడైనా లీకవుతోందా అని మల్టీమీటర్‌తో, కంటితో, చెవితో వెతకాలి. దానికి సైన్సు, లెక్కలు, వైరింగ్ డయాగ్రం చదివేంత ఇంగ్లీషు, అన్నిటికంటే ఓపిక కావాలి. అందుకే ఇంకో మాట కూడా చెబుతున్నాను. మార్కులు తక్కువ వచ్చాయని, ఇష్టం లేని పిల్లవాణ్ని శిక్ష వేసినట్టు ఇందులోకి తోయకండి. ఆసక్తి ఉన్న ఆడపిల్లను ఆపకండి.

పద్నాలుగేళ్లు నిండి, పది పాసైతే ఐటీఐలో చేరవచ్చు. డీజిల్ మెకానిక్ ఏడాది కోర్సు, మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్లు. నా ఓటు రెండేళ్ల కోర్సుకే. అందులో పెట్రోలు, డీజిల్ ఇంజన్లతో పాటు గేర్‌బాక్స్, బ్రేకులు, స్టీరింగ్, వైరింగ్ అన్నీ వస్తాయి. "ఏడాది కలిసొస్తుంది కదా" అని చిన్న కోర్సులో చేర్చడం నాకు నచ్చదు. పదహారేళ్లవాడికి ఆ ఏడాదితో వచ్చిన తొందరేమిటి? రాజమహేంద్రవరంలో, కాకినాడలో ప్రభుత్వ ఐటీఐలున్నాయి. ముందు వాటినే చూడండి. ఏ ట్రేడులో ఈ ఏడాది ఎన్ని సీట్లున్నాయో వెళ్లి కనుక్కోండి. సీటు పదో తరగతి మార్కుల మెరిట్‌తో వస్తుంది. దీనికి కోచింగ్ అంటూ డబ్బడిగేవాణ్ని గుమ్మం ఎక్కనివ్వకండి.

ప్రైవేటు ఐటీఐ అయితే మరింత జాగ్రత్త అవసరం. సంస్థకు గుర్తింపు ఉంటే చాలదు, మీరు చేరే ట్రేడుకు విడిగా అఫిలియేషన్ ఉండాలి. ఫిట్టర్‌కో ఎలక్ట్రీషియన్‌కో ఉన్న గుర్తింపు కాగితం చూపించి మోటార్ వెహికల్‌లో చేర్చుకుంటామంటే ఒప్పుకోకండి. "రోజూ రానక్కర్లేదు, పరీక్షకు వస్తే చాలు" అన్నారంటే అక్కడినుంచే వెనక్కి తిరగండి. పానా పట్టకుండా వచ్చిన సర్టిఫికెట్ ఏ షెడ్డులోనూ అన్నం పెట్టదు.

ఫీజు కట్టేముందు పిల్లవాణ్ని వెంటబెట్టుకుని వర్క్‌షాపులోకి వెళ్లండి. అక్కడి ఇంజన్లు పిల్లలు విప్పి బిగించినట్టున్నాయా, రంగులేసి ప్రదర్శనకు పెట్టినట్టున్నాయా? బీఎస్-6 ఇంజనుందా? స్కానర్ ఉందా, ఉంటే దాన్ని పిల్లల చేతికిస్తారా? రెండో ఏడాది కుర్రాణ్ని పక్కకు పిలిచి "ఈ వారం ఏం విప్పావు?" అని అడగండి. వాడు వెంటనే జవాబు చెప్పలేకపోతే ఆ సంస్థ సంగతి తెలిసిపోయినట్టే.

ఎలక్ట్రిక్ వాహనాల కోర్సులకు నేను వ్యతిరేకం కాదు. ఎలక్ట్రిక్ ఆటోలు, స్కూటర్లు మన రోడ్ల మీదకీ వచ్చాయి. కానీ వాటికీ బ్రేకులు, సస్పెన్షన్, వైరింగ్ ఉంటాయి. పైగా హై వోల్టేజి బ్యాటరీ దగ్గర అరకొర జ్ఞానం ప్రాణాలకే ముప్పు. ముందు పునాది పడాలి, ఆ తర్వాత చిన్న కోర్సు చేస్తే ఉపయోగం. నగరంలో ఫీజుకు తోడు గది అద్దె, భోజనం ఖర్చూ ఉంటాయి. "వంద శాతం ఉద్యోగం" అనేవారిని ఏ కంపెనీ, ఎంత జీతం, రాకపోతే ఫీజు తిరిగిస్తారా అని అడిగి కాగితం మీద రాయించుకోండి. రాసివ్వకపోతే ఒక్క రూపాయి కట్టకండి.

ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌షిప్ మాత్రం వదలొద్దు. 1961 అప్రెంటిస్ చట్టం కింద శిక్షణతో పాటు స్టైపెండ్ ఇస్తారు. ఆర్టీసీ ఐటీఐ పాసైనవారిని అప్రెంటిస్‌లుగా తీసుకుంటుంది. కంపెనీల సర్వీస్ సెంటర్లూ తీసుకుంటాయి. అది పూర్తిచేసినంత మాత్రాన అక్కడే ఉద్యోగం ఇవ్వాలనేమీ లేదు, ఆ భ్రమ పెట్టుకోకండి. అయినా పని ఒత్తిడిలో నేర్చుకున్నది జీవితాంతం నిలుస్తుంది. సెలవుల్లో ఊళ్లోని మంచి మేస్త్రి దగ్గర కూర్చోవడమూ చదువే.

ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో బడి మాన్పించి షెడ్డులో పెట్టడం మాత్రం ఘోరం. పద్నాలుగేళ్లలోపు పిల్లల చేత పని చేయించడం నేరం. కోనసీమలో చాలా ఇళ్లకు గల్ఫ్ ఆశ ఉంటుంది కాబట్టి ఇదీ వినండి. పది పాస్ కానివారికి సాధారణంగా వచ్చేది ఈసీఆర్ పాస్‌పోర్టు. దానితో గల్ఫ్ ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తప్పనిసరి. లైసెన్సున్న ఏజెంటు కూడా సేవా రుసుముగా రూ.30,000, దానిపై జీఎస్టీకి మించి తీసుకోకూడదు. లక్షలడిగేవాడికి పొలం తాకట్టు పెట్టి డబ్బివ్వకండి.

అమ్మలారా, నాన్నలారా, పక్కింటివాళ్లు ఏమంటారో అనే భయంతో పిల్లల దారి నిర్ణయించకండి. ఈ వారమే దగ్గర్లోని రెండు ఐటీఐల వర్క్‌షాపులకు మీ పిల్లవాణ్ని తీసుకెళ్లండి. చూసొచ్చాక ముందు వాడి మాట వినండి, ఆ తర్వాతే ఫీజు కట్టండి.