ఇంటికొక దిర్హమ్, గొడ్డలికొక దిర్హమ్
(వృత్తి విద్యార్థులకు జకాత్ సహాయం)

రమజాన్ సమీపించగానే జకాత్‌కు సంబంధించి అనేక ప్రశ్నలు వస్తుంటాయి. వాటిలో ఒకటి ఇది: “మదర్సా పిల్లలకు జకాత్ ఇస్తున్నాము. ఐ.టి.ఐ.లోనో, పాలిటెక్నిక్‌లోనో చేరిన పేద పిల్లవాడికి ఇస్తే జకాత్ చెల్లుతుందా? అది దీనీ విద్య కాదు గదా!”

జకాత్ ఎక్కడపడితే అక్కడ ఇచ్చే సొమ్ము కాదు గనుక ఈ సందేహం రావడం సహజమే. అది ఎవరికి చెందాలో అల్లాహ్ స్వయంగా తౌబా సూరా 60వ ఆయతులో నిర్ణయించాడు. ఆ ఎనిమిది వర్గాలలో ‘విద్యార్థి’ అన్న పేరు లేదు. మొదటి రెండు వర్గాలు ఫఖీర్లు, మిస్కీన్లు. అంటే చూడవలసింది అతను ఏమి చదువుతున్నాడని కాదు, పేదవాడా కాదా అని. మదర్సా విద్యార్థికి జకాత్ చెల్లేది కూడా సాధారణంగా అతని పేదరికం వల్లనే. కాబట్టి అవసరాలు పోను నిసాబ్ విలువ (612 గ్రాముల వెండి) చేతిలో లేని ముస్లిం విద్యార్థి ఎలక్ట్రీషియన్ కోర్సులో ఉన్నా, ఫిట్టర్ కోర్సులో ఉన్నా జకాత్‌కు అర్హుడే.

హనఫీ ఫిఖహ్‌లో ఒక వివరం ఉంది. బాలిగ్ కాని పిల్లవాడి అర్హతను తండ్రి ఆస్తిని బట్టి చూస్తారు. బాలిగ్ అయినవాడిని అతని సొంత ఆస్తిని బట్టి చూస్తారు. పదో తరగతి దాటి ఐ.టి.ఐ.లో చేరేవారు దాదాపు అందరూ బాలిగ్‌లే. (అలాగని కలిగినవారి అబ్బాయి ఈ సందు చూసుకొని చేయి చాపితే అది వేరే రోగం.) కన్నబిడ్డలకు, మనవలకు మన జకాత్ ఇవ్వకూడదు. అన్న కొడుకు, చెల్లెలి కొడుకు పేదవారైతే ఇవ్వవచ్చు. అందులో దానపుణ్యంతోపాటు బంధుత్వాన్ని నిలబెట్టిన పుణ్యం కూడా ఉందని హదీసు తెలుపుతుంది.

ఇక ఎంత ఇవ్వాలి, దేనికి ఇవ్వాలి అన్న విషయానికి వద్దాం. సునన్ అబూదావూద్‌లో హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన మనలో చాలామంది విన్నదే. ఒక అన్సారీ దైవప్రవక్త (స) వద్దకు యాచనకు వచ్చాడు. ఇంట్లో ఏముందని ప్రవక్త (స) అడిగారు. సగం కప్పుకొని సగం పరచుకునే ఒక ముతక గుడ్డ, నీళ్ళు తాగే ఒక పాత్ర ఉన్నాయన్నాడు. వాటిని తెప్పించి ఆయన తామే వేలం వేశారు. ఒకరు ఒక దిర్హమ్ అన్నారు, మరొకరు రెండు దిర్హములకు కొన్నారు. ఆ రెండూ అతనికే ఇచ్చి, ఒకదానితో ఇంటివారికి ఆహారం కొనమని, రెండవదానితో గొడ్డలి కొని తెమ్మని చెప్పారు. గొడ్డలి తెచ్చాక దానికి కర్ర తమ చేతులతో బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకో, పదిహేను రోజులు నాకు కనిపించకు అని పంపారు. అతను పది దిర్హములు సంపాదించుకొని తిరిగివచ్చాడు.

ఈ హదీసు సనదు గురించి ముహద్దిసులలో చర్చ ఉంది. అయితే తాడు తీసుకొని కట్టెలు మోసి అమ్ముకోవడం యాచించడం కంటే మేలన్న భావంగల హదీసు సహీహ్ బుఖారీలోనే ఉంది. హజ్రత్ దావూద్ (అలై) తమ చేతి కష్టంతో తినేవారని కూడా అందులో వస్తుంది.

ఈ సంఘటన చెప్పినప్పుడు మనం గొడ్డలి గురించే మాట్లాడి మొదటి దిర్హమ్‌ను మరచిపోతాం. ఇంట్లో పిల్లలు పస్తుంటే గొడ్డలి పట్టుకొని అడవికి వెళ్ళడం ఎవరికి సాధ్యం? అందుకే ముందు ఇంటికి, తరువాత పనిముట్టుకు.

కర్నూలు, కడప జిల్లాల సంగతి చూడండి. వానలు లేని సంవత్సరం ఆదోని వైపు నుండి కుటుంబాలు గుంటూరు మిరప కోతలకు వలసపోతాయి. కడప వైపు నుండి కువైట్‌కు పోతారు. ఊర్లో మిగిలిన పిల్లవాడు పదో తరగతి కాకముందే మెకానిక్ షెడ్డులోనో, వెల్డింగు షాపులోనో చేరతాడు. వారం వారం కొంత డబ్బు తెచ్చి తల్లి చేతిలో పెడతాడు. వాడికి పని బాగా వస్తుంది గాని, కాగితం ఉండదు. 2019లో గ్రామ సచివాలయాలలో ఎనర్జీ అసిస్టెంట్ల నియామకాలు జరిగినప్పుడు పదో తరగతితోపాటు ఐ.టి.ఐ.లో ఎలక్ట్రికల్ లేక వైర్‌మన్ ట్రేడు, లేదా దానికి సమానమైన వొకేషనల్ కోర్సు ఉండాలన్నారు. ఎన్ని ఇళ్ళకు వైరింగు చేసినవాడైనా ఆ కాగితం లేకపోతే దరఖాస్తు కూడా పెట్టుకోలేడు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ ట్రేడులు రెండేళ్ళు, వెల్డర్ ఒక్క ఏడాది. ప్రభుత్వ ఐ.టి.ఐ.లో ఫీజు పెద్ద భారం కాదు. భారమంతా షెడ్డు నుండి వచ్చే ఆ వారపు డబ్బు ఆగిపోవడమే. చేరినవాడు మధ్యలో మానేసేదీ ఎక్కువగా అందుకే.

ప్రభుత్వ సహాయం లేదని కాదు, దాన్ని వదులుకోకూడదు కూడా. 2019-24 మధ్య వసతి దీవెన పథకంలో ఐ.టి.ఐ. విద్యార్థికి ఏడాదికి 10,000 రూపాయలు, పాలిటెక్నిక్ విద్యార్థికి 15,000 రూపాయలు రెండు విడతలుగా తల్లి ఖాతాలో వేసేలా ఏర్పాటు చేశారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ పేరు మారింది. పేరు ఏదైనా ఆదాయ ధృవపత్రం, 75 శాతం హాజరు చూస్తారు, డబ్బు వచ్చేది ఖర్చయిన తరువాత. బస్సు ఛార్జీలు, యూనిఫారం, టూల్ కిట్, ఇంట్లో బియ్యం అంతవరకు ఆగవు. అప్పు చేద్దామంటే బ్యాంకు విద్యారుణానికి వడ్డీ ఉంది, బయటి అప్పుకు ఇంకా ఎక్కువ వడ్డీ. పిల్లవాడు హలాల్ సంపాదన నేర్చుకోవడానికి తల్లి వడ్డీలో చిక్కుకోవలసి వస్తే ఆ మొహల్లాలో జకాత్ ఇచ్చేవారు, మస్జిద్ కమిటీ ఏమి చేస్తున్నట్లు?

మనవారికి చదువు కోసం పాటుపడడం తెలియదని కాదు. డాక్టర్ అబ్దుల్ హఖ్ 1947లోనే కర్నూలులో ఉస్మానియా కళాశాల స్థాపించారు. 2016లో ఏర్పడిన ఉర్దూ విశ్వవిద్యాలయం ఆయన పేరు మీదే ఉంది. చేతి పని దగ్గరికి వచ్చేసరికే మనకు చిన్నచూపు. హజ్రత్ జకరియ్యా (అలై) వడ్రంగి అని సహీహ్ ముస్లింలో ఉన్నప్పటికీ!

జకాత్ ఇచ్చే విధానంలో జాగ్రత్త అవసరం. హనఫీ ఉలమా ప్రకారం తమ్లీక్ తప్పనిసరి, అంటే ఆ సొమ్ముకు పేదవాడిని యజమానిని చేయాలి. టూల్ కిట్ కొని అతనికి సొంతంగా ఇచ్చేస్తే జకాత్ చెల్లుతుంది. కమిటీ దగ్గరే ఉంచుకొని కోర్సు అయ్యేదాకా వాడుకోనిస్తే చెల్లదు. ఫీజు కట్టేటప్పుడు విద్యార్థి చేతికి ఇచ్చి కట్టించాలి, లేదా అతని అనుమతితో అతని తరఫున కట్టాలి. జకాత్ సొమ్ముతో హాస్టల్ గదులు కట్టకూడదు. దానికి లిల్లాహ్ సొమ్ము వేరుగా సేకరించాలి. షాఫయీ ఫఖీహ్ ఇమామ్ నవవీ (రహ్మ) అయితే వృత్తి తెలిసిన పేదవానికి, ఖరీదు తక్కువైనా ఎక్కువైనా, తన పనిముట్లు కొనుక్కునేంత ఇవ్వవచ్చని రాశారు.

సయ్యద్ కుటుంబాల పిల్లల కష్టం వేరు. అత్యధిక ఉలమా దృష్టిలో వారు జకాత్ తీసుకోకూడదు. 2007 చట్టం ప్రకారం వచ్చిన 4 శాతం బి.సి.-ఇ రిజర్వేషన్‌లో కూడా సయ్యద్‌లు లేరు. (నూర్‌బాషా, దూదేకుల సోదరులు అంతకుముందు నుండే బి.సి.-బి.లో ఉన్నారు.) కాబట్టి పేద సయ్యద్ విద్యార్థికి నఫిల్ సదఖా నుండి, లేదా హదియాగా, లేదా ఖర్జె హసనాగా ఇవ్వాలి. ఖర్జె హసనా ఇస్తే కోర్సు అయ్యి సంపాదన మొదలయ్యేదాకా అడగకూడదు. ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి గడువు ఇవ్వమని బఖరా సూరా 280వ ఆయతు ఆదేశం.

అదే సూరా 273వ ఆయతులో, పట్టుబట్టి అడగని, చూసేవారికి కలిగినవారిలా కనిపించే పేదల ప్రస్తావన ఉంది. మన విద్యార్థులు చాలామంది అటువంటివారే. జుమా తరువాత మైకులో పేరు చదివి కవరు ఇస్తే మరుసటి ఏడాది వాడు రాడు, కడప మహిళా పాలిటెక్నిక్‌కు రోజూ బస్సులో వెళ్ళే అమ్మాయైతే అసలే రాదు. కమిటీలో ఇద్దరికి తెలిస్తే చాలు. ఇది జకాత్ అని తీసుకునేవారికి చెప్పనవసరం కూడా లేదు, ఇచ్చేవారి నియ్యత్ ఉంటే సరిపోతుంది.

చివరగా సమయం సంగతి. రమజాన్ ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది. పదో తరగతి ఫలితాల తరువాత జరిగే ఐ.టి.ఐ. అడ్మిషన్లు మాత్రం జరగవు. రమజాన్‌లోనే జకాత్ అంతా పంచేస్తే అడ్మిషన్ల నాటికి చేతిలో ఏమీ మిగలదు. నిసాబ్ ఉన్నవారు రాబోయే సంవత్సరపు జకాత్‌ను ముందుగానే ఇవ్వడం షరీఅత్‌లో అనుమతించబడింది. మొహల్లాలో నలుగురైదుగురు తమ వచ్చే ఏటి జకాత్‌లో కొంత భాగాన్ని అడ్మిషన్ల సమయంలో ఇస్తే ఒక పిల్లవాడి టూల్ కిట్, నెలనెలా ఇంటికి బియ్యం ఖర్చు అందులో వెళ్ళిపోతాయి.