దంతె అడ్డం వస్తే దీపం ఎక్కడ పెట్టాలి?



నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. కరెంటు పని నా వృత్తి కాదు. అయినా ఈ పాఠం రాయడానికి కారణం నేను చేసిన ఒక తప్పు. దాని వల్ల నాకు ఖర్చైంది. మీకు మాత్రం ఖర్చు లేకుండా పాఠం దక్కాలని నా కోరిక.

కోయంబత్తూరు, మధురై ప్రాంతాల్లో మన పెద్దలు కట్టిన పాత ఇళ్లు కొన్నింటికి మద్రాసు టెర్రేసు పైకప్పు ఉంటుంది. గోడ నుండి గోడకు టేకు దంతెలు వేస్తారు. వాటి మధ్య ఎడం అడుగు నుండి అడుగున్నర. వాటి మీద 6 అంగుళాల పొడవు, 3 అంగుళాల వెడల్పు, 1 అంగుళం మందం గల చిన్న ఇటుకలను సున్నంతో, మూలవాటు వరుసల్లో నిలబెట్టి పేరుస్తారు. పైన ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు వేసి, బాగా దిమ్మిస చేసి, పెంకుపలకలు పరుస్తారు. పైకారా జలవిద్యుత్ కేంద్రం 1932లో మొదలయ్యాకే కోయంబత్తూరు మిల్లులకు కరెంటు సమృద్ధిగా అందింది. అంతకుముందు కట్టిన ఇళ్లలో దంతెలు అమర్చిన వడ్రంగికి, రేపు ఇక్కడ కరెంటు దీపం వేలాడుతుందన్న ఊహ ఎలా ఉంటుంది?

మా అమ్మాయి పెళ్లికి ముందు హాలులో కొత్త దీపం పెట్టించాను. పనికి వచ్చిన కుర్రాడు పైకి చూసి, "మామా, సరిగ్గా నడుమ దంతె ఉంది. జానెడు పక్కకు పెడదామా?" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. "నడుమనే ఉండాలి, బాక్సు బయటికి కనబడకూడదు" అన్నాను. నా మాట కాదనలేక దంతె అడుగుభాగాన్ని ఉలితో చెక్కి బాక్సు దించాడు. రెండు వానాకాలాలు గడిచాక సున్నం రాలడం మొదలైంది. వడ్రంగిని పిలిస్తే దంతె ఆ చెక్కిన చోటే చీలిందని చూపించాడు. పోటు పెట్టి, పక్కన ఇంకొక దంతె చేర్చి బిగించాల్సి వచ్చింది. తప్పు కుర్రాడిది కాదు, నాది.

లెక్క చూద్దాం

దంతె వంగకుండా నిలిచే బలం దాని ఎత్తు వర్గాన్ని బట్టి ఉంటుంది. దంతె ఎత్తు 6 అంగుళాలు, బాక్సు కోసం చెక్కింది 2 అంగుళాలు అనుకుందాం. మిగిలింది 4.

6 × 6 = 36
4 × 4 = 16
16 ÷ 36 = సుమారు 44 శాతం

అంటే చెక్కలో పోయింది మూడో వంతే గాని, ఆ చోట బలంలో సగానికి పైగా పోయింది. బరువు మోసేటప్పుడు దంతె అడుగుభాగం సాగుతుంది, పైభాగం నొక్కుకుంటుంది. ఆ సాగుడు ఎక్కువగా ఉండేది నడిమి భాగంలోనే. మనం దీపం కోరుకునేదీ అక్కడే!

మరి ఏం చేయాలి?

మొదట కొలవాలి. దంతెల ఎడం 18 అంగుళాలు, దంతె వెడల్పు 3 అంగుళాలు, ఎడాన్ని గోడ అంచు నుండి దంతె నడిమికి కొలుస్తున్నాం అనుకోండి. గది 12 అడుగులైతే నడుమ 72 అంగుళాల దగ్గర. నాలుగో దంతె కూడా సరిగ్గా 72 దగ్గరే. గది 11 అడుగులైతే నడుమ 66 దగ్గర, అంటే మూడో, నాలుగో దంతెల మధ్య ఖాళీలో పడుతుంది.

1. దీపం దంతె కిందికి వస్తే: దంతెను చెక్కవద్దు. రౌండ్ బ్లాకును గాని, లోతు తక్కువ గల పైబాక్సును గాని దంతె అడుగున మరలతో బిగించాలి. వైర్లను కేసింగ్‌లో దంతె పక్కగా తేవాలి.

2. రెండు దంతెల మధ్య వస్తే: ఇటుక, సున్నంలో మర పట్టు నిలవదు, క్రమంగా ఊడుతుంది. రెండు దంతెలకూ ఆనేలా ఒక అడ్డచెక్క బిగించి, దానికి బాక్సు పెట్టాలి. పై లెక్కలో ఆ చెక్క పొడవు 18 − 3 = 15 అంగుళాలు.

3. ఫ్యాను అయితే: దాని బరువు, ఊపు బాక్సు మీద ఎప్పుడూ పడకూడదు. దంతెను చుట్టి పట్టే ఇనుప క్లాంపుకు ఫ్యాను వేలాడదీసి, వైర్లు కలిపే బాక్సు పక్కన పెట్టాలి.

ఇప్పటి కాంక్రీటు శ్లాబులోనూ ఇదే నీతి. కాంక్రీటు పోయకముందే బాక్సులు, పైపులు అమర్చాలి. కమ్మి అడ్డం వస్తే కమ్మిని కోయకూడదు, బాక్సును కాస్త జరపాలి. జరపడానికి వీలులేకపోతే ఇంజనీరును అడగాలి.

గమనించారా? మనకు అడ్డమని తోచిన దంతే నిజానికి దీపానికి ఆధారం. దాన్ని తొలగించకూడదు, దాని అండ తీసుకోవాలి.

జాగ్రత్తలు

ఈ పని పిల్లలు స్వయంగా చేయకూడదు. లైసెన్సు గల వైర్‌మన్ చేతనే చేయించాలి. మెయిన్ ఆపి, కరెంటు లేదని పరీక్షించాకే పైకి చేయి పెట్టాలి. ఇనుప బాక్సుకు ఎర్తు తప్పనిసరి. స్విచ్చి ఫేజు వైరు మీదే ఉండాలి. ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుకోవడం ప్రాణరక్షణ.

తల్లిదండ్రులకు ఒక మనవి. పదో తరగతి తరువాత ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ చదువు రెండేళ్లు. అది చిన్న చదువని అనుకోవద్దు. ఆనాడు ఆ కుర్రాడికి తెలిసిన సంగతి, డిగ్రీ చదివిన నాకు తెలియలేదు.

అభ్యాసం

1. దంతె ఎత్తు 5 అంగుళాలు. అడుగున 1 అంగుళం చెక్కితే ఆ చోట ఎంత శాతం బలం మిగులుతుంది?
2. పైన చెప్పిన దంతెల కొలతలే గల గది 15 అడుగులైతే, నడుమ దీపం దంతె కిందికి వస్తుందా, ఖాళీలోకి వస్తుందా?

జవాబులు: 1. 64 శాతం. 2. నడుమ 90 అంగుళాల దగ్గర. అయిదో దంతె కిందికి వస్తుంది.