ఆరు నెలల కోర్సుతో నర్సు కాలేరు

హోమ్ కేర్ ఏజెన్సీల తరఫున ఇళ్లలో పనిచేసే అమ్మాయిల కేసులు ఈమధ్య మా ఆఫీసుకు వరసగా వస్తున్నాయి. ఊళ్లు వేరైనా చిక్కు ఒకటే. చదవకుండా పెట్టిన సంతకం.

తాజా కేసు నల్లగొండ వైపు అమ్మాయిది. హైదరాబాద్‌లో ఓ పెద్దాయన్ని చూసుకునేది. "నర్సువే కదమ్మా, ఇన్సులిన్ నువ్వే ఇచ్చెయ్" అన్నారు ఇంటివాళ్లు. మోతాదు ఎక్కువై, షుగర్ పడిపోయి, ఆయన ఐసీయూ పాలయ్యాడు. "మేం మనిషిని కుదిర్చామంతే" అంటూ ఏజెన్సీ తప్పుకుంది. పైగా "నేను అర్హత గల నర్సును" అని ఇంగ్లీషులో రాసి, ఆమె చేత సంతకం పెట్టించుకున్న కాగితం పోలీసులకిచ్చింది. ఆ అమ్మాయికి ఇంగ్లీషు రాదు.

వృద్ధులకు స్నానం చేయించడానికి, అన్నం తినిపించడానికి మన దగ్గర ప్రత్యేక లైసెన్సు అక్కర్లేదు. నర్సు సంగతి వేరు. ఏఎన్ఎం రెండేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు చదివి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టరు కావాలి. హోమ్ హెల్త్ ఎయిడ్, జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సులు పనికొచ్చేవే. కానీ అవి సహాయకులకు, నర్సులకు కాదు. ఈ తేడా చెప్పకుండా ఫీజులు గుంజే సంస్థలను ఎవరూ అడగరు.

నిర్లక్ష్యంతో ప్రాణాపాయం తెస్తే భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్, ప్రాణం పోతే 106. అందులో ఐదేళ్ల దాకా జైలు. వైద్యం చేస్తుండగా జరిగితే రెండేళ్లకు మించకూడదన్న వెసులుబాటు రిజిస్టర్డ్ డాక్టర్లకే.

అమ్మా, రిజిస్ట్రేషన్ నంబరు లేకుంటే "నర్సు" అని ఉన్న ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. తెలుగులో చదివి చెప్పమనండి, ఒక కాపీ అడిగి తీసుకోండి. సూది ఇవ్వమంటే "నేను నర్సును కాను" అని ఇంటివాళ్లకు, ఏజెన్సీకి మెసేజ్ పెట్టండి. రేపు కోర్టులో మీకు ఆధారం అదే.

ఇంటివాళ్లూ, నర్సును పంపామంటే కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చూపమనండి. నర్సు కాని మనిషిని నర్సని చెప్పి డబ్బు తీసుకోవడం మోసం, 318వ సెక్షన్ కిందికి వస్తుంది. అయినా స్టేషన్‌లో పనిమనిషి పేరు రాసుకున్నంత చురుగ్గా ఏజెన్సీ పేరు రాసుకోరు. ఫిర్యాదులో ఆ పేరు మీరే రాయండి, రసీదులు జతచేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లొచ్చు. మీరు కట్టిన సొమ్ము ఐదు లక్షలు దాటకపోతే అక్కడ ఫీజు కూడా లేదు.

మళ్లీ చెబుతున్నాను. మీరు నర్సు కాకపోతే, నర్సునని సంతకం పెట్టకండి. ఇప్పటికే పెట్టి ఉంటే, అది నిజం కాదని ఈ వారమే ఏజెన్సీకి స్పీడ్ పోస్టులో రాసి పంపండి.