ఐర్లండులో ఏ ఊరు?

పిల్లలూ, కిందటి ఏడాది మన బడి పెద్ద తరగతిలో వంశవృక్షం పాఠం చెప్పుకున్నాం, గుర్తుందా? అందరూ అట్ట మీద చెట్టు గీసి, కొమ్మకొమ్మకీ పేర్లూ ఊళ్ళూ రాసి తెచ్చారు. ఒకబ్బాయి చెట్టులో నాన్నవైపు కొమ్మలన్నీ తెనాలి దగ్గర పల్లెల పేర్లతో నిండిపోయాయి. వాళ్ళమ్మది లివర్‌పూల్. అటువైపు పేర్లున్నాయి గాని, పైకొమ్మ దగ్గర ఊరి పేరు రాయాల్సిన చోట "ఐర్లండు" అని మాత్రం ఉంది.

"ఐర్లండులో ఏ ఊరు బాబూ?" అని అడిగాం.

"మా నాన్‌కి కూడా తెలీదు టీచర్‌గారూ" అన్నాడు.

నాన్ అంటే వాళ్ళ అమ్మమ్మ. ఆవిడకిప్పుడు ఎనభై నాలుగేళ్ళు. తన ముత్తవ్వ పుట్టిన ఊళ్ళో ఒక్కసారి నిలబడి రావాలని ఆవిడ కోరికట. సరే, వెతుకుదాం అనుకున్నాం. ఈ పాఠం ఆ వెతుకులాట గురించే. కుటుంబం పేర్లు మాత్రం ఇక్కడ రాయడం లేదు.

ముందు కొంచెం చరిత్ర. 1845లో ఐర్లండులో బంగాళాదుంప పంటకి తెగులు పట్టింది. మనకి అన్నం ఎలాగో అక్కడి బీదవాళ్ళకి ఆ దుంప అలాగ. 1852 దాకా సాగిన ఆ కరువులో సుమారు పది లక్షలమంది చనిపోయారు, మరో పది లక్షలమందికి తక్కువ కాకుండా దేశం విడిచిపోయారు. 1847 ఒక్క ఏడాదిలోనే దాదాపు మూడు లక్షలమంది లివర్‌పూల్ రేవులో దిగారు. డబ్బున్నవాళ్ళు అక్కడినించి అమెరికా ఓడ ఎక్కారు. లేనివాళ్ళు చాలామంది ఇంగ్లండులోనే ఉండిపోయారు. 1851 లెక్కల ప్రకారం లివర్‌పూల్ జనంలో ఐదోవంతుకి పైగా ఐర్లండులో పుట్టినవాళ్ళే.

"ఓడ ఎక్కినవాళ్ళ జాబితా చూస్తే సరి" అని మన పిల్లలన్నారు. మేమూ అదే అనుకున్నాం. కాని అలాంటి జాబితాలు లేవు. 1801 నించి 1922 దాకా రెండు దేశాలూ ఒకే రాజ్యం. అందుకని ఆ ప్రయాణం ఒక జిల్లానించి ఇంకో జిల్లాకి వెళ్ళినట్టే లెక్క, ఎవరూ పేర్లు రాసుకోలేదు.

ఇక మిగిలింది ఇంగ్లండు జనాభా లెక్కలు. 1841 లెక్కల్లో ఐర్లండువాళ్ళకి "ఐ" అనే ఒక్క అక్షరం రాసి వదిలేశారు. 1851 నించి పుట్టిన ఊరు రాయడం మొదలైంది, కాని అది ఇంగ్లండులో పుట్టినవాళ్ళకే. ఐర్లండువాళ్ళకి మామూలుగా దేశం పేరుతో సరిపెట్టేశారు. అయినా ఒక్క లెక్కతో ఆగకూడదు. పదేళ్ళకోసారి వచ్చే ఉద్యోగి వేరు, అతని ఓపిక వేరు. నాన్ ముత్తవ్వకి 1851, 1861, 1871లో "ఐర్లండు" అనే ఉంది. 1881లో ఎవరో పుణ్యాత్ముడు "మేయో" అని జిల్లా పేరు రాశాడు! ఆ రోజు తరగతిలో చప్పట్లు కొట్టాం.

దీనికి ముందు ఒక పెద్ద పొరపాటు చేశాం, అదీ చెప్పాలి. 1861లో అదే వీధిలో, అదే పేరుతో, అదే వయసుతో ఉన్న ఇంకొకావిడని మనావిడే అనుకుని మూడు వారాలు ఆవిడ వెంట తిరిగాం. ఐర్లండువాళ్ళకీ మనలాగే తాతల పేర్లు పెట్టుకునే ఆచారం ఉంది. పెద్దకొడుక్కి నాన్నగారి నాన్న పేరు, రెండోవాడికి అమ్మగారి నాన్న పేరు. దాంతో ఒక ఇంట్లోని పేర్లే పెదనాన్న ఇంట్లోనూ, బాబాయి ఇంట్లోనూ ఉంటాయి. పైగా ఇంటిపేరు ముందుండే "ఓ", "మక్" చాలామందికి ఇక్కడ ఊడిపోయాయి. చదువురాని మనిషి చెప్పిన పేరుని ఉద్యోగి చెవికి వినిపించినట్టు రాసుకున్నాడు. మన ఇంటిపేర్లు ఫోనులో చెప్పిన ప్రతిసారీ ఏమవుతున్నాయో మీకు తెలుసు కదా!

పొరపాటు పట్టించింది పెళ్ళి సర్టిఫికెట్టు. ఇంగ్లండులో 1837 జూలై 1 నించి పుట్టుక, పెళ్ళి, చావు ప్రభుత్వం నమోదు చేస్తోంది. పెళ్ళి కాగితంలో ఇద్దరి తండ్రుల పేర్లూ, వాళ్ళ వృత్తులూ ఉంటాయి. తల్లుల పేర్లు ఉండవు. వాటికి 2021 మే నెల దాకా ఆగాల్సి వచ్చింది!

ఐర్లండువైపు చూస్తే కథ ఇంకా కష్టం. అక్కడ అందరి పుట్టుకలూ నమోదు చెయ్యడం 1864లో గాని మొదలుకాలేదు. 1922 జూన్ 30న అంతర్యుద్ధంలో డబ్లిన్‌లోని రికార్డుల ఆఫీసు తగలబడి, 1821 నించి 1851 దాకా తీసిన జనాభా లెక్కలు దాదాపు అన్నీ బూడిదైపోయాయి. తర్వాతి నాలుగు లెక్కల్నీ అంతకుముందే ప్రభుత్వమే నాశనం చేసేసింది. పూర్తిగా మిగిలినవాటిలో మొదటిది 1901ది. అయితే ఒక చిత్రం జరిగింది. 1909లో డెబ్భై ఏళ్ళు నిండినవాళ్ళకి పింఛను ఇవ్వడం మొదలుపెట్టారు. పుట్టిన సర్టిఫికెట్టు లేని ముసలివాళ్ళు, పాత లెక్కల్లో తమ వయసు వెతికించమని అర్జీలు పెట్టుకున్నారు. గుమాస్తాలు చూసి జవాబు రాశారు. పుస్తకాలు కాలిపోయాయి, ఆ అర్జీలు చాలా మిగిలాయి. మాకు కావలసినది మాత్రం వాటిలో దొరకలేదు.

పూర్వీకుల్లో ఎవరైనా సైన్యంలో చేరి ఉంటే అదృష్టమే. లండన్ క్యూలో ఉన్న సిపాయిల కాగితాల్లో పుట్టిన పారిష్ పేరు ఉంటుంది. మన మద్రాసులో పుట్టిన మద్రాస్ ఫ్యూజిలీర్స్ అనే దళమే 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యూజిలీర్స్‌లో కలిసింది. మద్రాసు రాజధానిలో జరిగిన తెల్లవాళ్ళ పెళ్ళిళ్ళ, బాప్తిస్మాల, ఖననాల వివరాలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

మాకు దారి చూపించింది పక్కకొమ్మ. ముత్తవ్వ ఒంటరిగా రాలేదు, అక్కతో వచ్చింది. ఆ అక్క పెళ్ళి లివర్‌పూల్‌లో ఇంకో కాథలిక్ చర్చిలో జరిగింది. అక్కడి పుస్తకం లాటిన్‌లో ఉంటుంది, జేమ్స్ కాస్తా జాకోబస్ అవుతాడు. ఆ పుస్తకంలో పాదిరీగారు తల్లిదండ్రులిద్దరి పేర్లతోబాటు మేయోలో వాళ్ళ పారిష్ పేరు కూడా రాశారు. నేరుగా పైకెక్కితే దొరకని ఊరు అక్కగారి కొమ్మ మీద దొరికింది.

తర్వాత గ్రిఫిత్ వాల్యుయేషన్ చూశాం. 1847–1864 మధ్య అచ్చయిన భూమి లెక్క అది. భూమి, ఇల్లు ఎవరి చేతిలో ఉన్నాయో టౌన్‌లాండ్ వారీగా ఉంటుంది. టౌన్‌లాండ్ అంటే మన పల్లె పొలిమేరలాంటిది, ఐర్లండులో అరవై వేలకి పైగా ఉన్నాయి. ఆ పారిష్‌లో తండ్రి పేరు రెండు టౌన్‌లాండ్లలో ఉంది. ఏది ఆయనది? ఐర్లండు జాతీయ గ్రంథాలయం 2015లో ఉచితంగా అందరికీ తెరిచిన పారిష్ పుస్తకాల్లో చూస్తే, ఆ పారిష్ పుస్తకం ముత్తవ్వ పుట్టిన చాలా ఏళ్ళకి గాని మొదలవలేదు. తేల్చలేకపోయాం.

ఆ మాట నాన్‌కి చెప్పడానికి మొహం చెల్లలేదు. ఆవిడ మ్యాపు చూసి "మధ్యలో రెండు మైళ్ళే కదా, రెండూ ఒక్కరోజులో చూసి రావచ్చు" అన్నారు. వేసవిలో మనవడితో వెళ్తున్నారు.

ఇంటిపని: 2021 లెక్కల ఫారంలో మన ఇళ్ళవాళ్ళు పుట్టిన చోటు "ఇండియా" అని మాత్రమే రాశారు, ఫారం అడిగింది దేశమే మరి. ఈ ఆదివారం అమ్మమ్మకో తాతయ్యకో ఫోను చేసి, వాళ్ళు పుట్టిన ఊరు, అప్పటి తాలూకా, అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా తెలుగులో రాసి తీసుకురండి. వాళ్ళ అక్కచెల్లెళ్ళ, అన్నదమ్ముల పేర్లు కూడా అడగండి.