ఖాళీ దొడ్డిలో మొదటి మడి



గర్భిణీ స్త్రీకి రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటాము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. అటువంటి తల్లికి కాన్పులో రక్తస్రావం ఎక్కువైతే ప్రాణం మీదికి వస్తుంది. బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు. మేము మాత్రలు ఇస్తాము. అయితే ఆ మాత్రలకు తోడుగా నిలిచే ఆహారం మీ దొడ్లోనే పండించుకోవచ్చు.

గౌతమి, వశిష్ఠ పాయల మధ్య ఉన్న మన కోనసీమ పచ్చని సీమ. అయినా చాలా ఇళ్ల వెనుక కొబ్బరి డొక్కలు, మట్టలు, ఒక మురుగు గుంట తప్ప మరేమీ కనిపించవు. బబులోను చెరలో ఉన్నవారికి యిర్మీయా రాసిన ఉత్తరంలో (29వ అధ్యాయం) తోటలు వేసుకొమ్మన్న మాట ఉంది. వారు సొంత ఊరిలో లేరు, సొంత పొలం లేదు. కాబట్టి ఎకరాలు లేవని మనం వెనుకాడనక్కరలేదు.

1. చోటు ఎంచుకోండి

దొడ్డంతా ఒకేసారి తవ్వవద్దు. 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు గల ఒక్క మడితో మొదలుపెట్టండి. కొబ్బరిచెట్ల నీడ తక్కువగా ఉండి, రోజుకు నాలుగైదు గంటలు ఎండ తగిలే చోటు చూడండి. మన నేలలో నీరు పైపైనే ఉంటుంది కనుక మడిని జానెడు ఎత్తు చేయండి. లేకపోతే వానకు వేళ్లు కుళ్లుతాయి. సముద్రం దగ్గరి ఇసుక నేలైతే మాగిన పశువుల ఎరువు ఎక్కువగా కలపండి. కోళ్లు, మేకలు రాకుండా కొబ్బరి మట్టలతో దడి కట్టండి.

2. ముందు ఆకుకూరలు

తోటకూర విత్తనం సన్నని ఇసుకలో కలిపి పలుచగా చల్లితే 25 నుండి 30 రోజుల్లో కోతకు వస్తుంది. పక్కనే గోంగూర, దడికి బచ్చలి తీగ పెట్టండి. ఒక మూల ములగ కొమ్మ నాటండి. తెలగపిండి, ములగాకు కూర మన పెద్దలు ఎరిగినదే. చేయి తిరిగాక ఆనప, బీర, చిక్కుడు పాదులు వేయవచ్చు. కరివేపాకు, నిమ్మ, జామ మొక్కలు కడియం నర్సరీలలో దొరుకుతాయి.

3. మురుగునీటికి దారి చూపండి

బోదకాలు వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమ మురుగునీటిలో గుడ్లు పెడుతుంది. గిన్నెలు కడిగిన నీరు నిలవకుండా చిన్న కాలువ తీసి అరటికి, చేమకు పారించండి. ఆ నీరు ఆకుకూరల మడిలోకి పోనీయవద్దు.

4. చెప్పులు మరువవద్దు

కొంకిపురుగు పిల్లలు మలంతో చెడిన మట్టిలో ఉండి వట్టి కాళ్ల చర్మం గుండా లోపలికి పోతాయి. ఆ పురుగులు పేగులలో చేరి రక్తం పీలుస్తాయి. రక్తం కోసం వేసిన తోట రక్తం తీయకూడదు గదా! చెప్పులు వేసుకోండి, మరుగుదొడ్డి వాడండి, పని అయ్యాక సబ్బుతో చేతులు కడగండి. పురుగు పడితే 50 గ్రాముల వేపగింజల పొడి లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి చల్లండి. పురుగుమందు డబ్బాలను నీటికి వాడవద్దు.

5. వండేటప్పుడు

ఆకులు బాగా కడిగి, తరువాత కోయండి. పప్పు దించాక నిమ్మరసం పిండితే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము సరిగా పట్టదు. ఒక గంట ఆగండి. పథ్యం పేరుతో బాలింతకు ఆకుకూర మాన్పించకండి.

ఒక హెచ్చరిక. ఆకుకూర తింటున్నామని ఐరన్ మాత్రలు మానకూడదు. గర్భిణిగా 180 రోజులు, కాన్పు తరువాత 180 రోజులు వాడాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగిన తరువాతే ఆకుకూరలు తినాలి.

2022 జులైలో గోదావరి వరద లంక గ్రామాలను ముంచింది. అటువంటి వరద తగిలిన ఆకులు తినవద్దు, తీసి పారేయండి. నీరు తీసి నేల ఆరాక మళ్లీ విత్తితే నెల తిరిగేసరికి తోటకూర చేతికొస్తుంది.

ఇంటిల్లిపాదీ మాట్లాడుకోండి

- మన దొడ్లో ఎండ తగిలే చోటు ఎక్కడ?
- గిన్నెలు కడిగిన నీరు ఎటు పోతోంది?
- మన ఇంట్లో ఆఖరున తినేది ఎవరు? ఆమె కంచంలో ఆకుకూర మిగులుతోందా?

మూడవ ప్రశ్నకు జవాబు ఇంటి మగవారు చెప్పాలి. మొదటి కోత ఆమెకే వడ్డించండి. దేవుడు మీ చేతిపనిని దీవించును గాక.